దాచిన రెండో భాగం

పాకాల,
22 జూన్ 2025

చెల్లి పంకజవల్లికి,

అడ్రసు మారింది, చూసుకో. బంగారుపాళ్యం హైస్కూల్లో పదవీ విరమణ చేశాక ఏడాది ఇంట్లో కూర్చున్నాను. ఇక కూర్చోలేక పాకాలలో మా తమ్ముడి ఇంటికి వచ్చేశాను. ఇక్కడ మునిరామయ్య అని ఒక హెడ్మాస్టరు ఉండేవాడట. పోతూ పోతూ తన ఇంటి ముందు గదులు రెండూ పుస్తకాలతో సహా ఊరికి రాసిచ్చిపోయాడు. మునిరామయ్య పఠన మందిరం అని బోర్డు. పుస్తకాలు రెండు వేల చిల్లర, బల్లలు ఆరు, ఫ్యాన్లు రెండు, అందులో తిరిగేది ఒకటి. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా. శుక్రవారం సెలవు. ఈ నెల మొదటి తేదీ నుంచి తాళంచెవి నా దగ్గరుంది.

మన ఒప్పందం నేను మరవలేదు. పెళ్ళిళ్ళూ జ్వరాలూ ఫోన్లో, చదువుతున్న పుస్తకాలు ఉత్తరంలో, ఆగిన పేజీ నెంబరుతో సహా. చిత్తూరు టీచర్ల శిక్షణలో ఒకే బెంచీ మీద కూర్చుని అనుకున్నది. పద్నాలుగేళ్ళయింది. మనం కలుసుకున్నది మూడుసార్లే అయినా ఉత్తరం మాత్రం తప్పలేదు.

నేను చదువుతున్నది చెరువుల మీద ఒక ఇంజనీరు రాసిన పుస్తకం. 88వ పేజీ. ఇకనుంచి ఇంకో వరస కూడా రాస్తాను: మా ఊళ్ళో ఎవరేం చదువుతున్నారో. టైలరు మోహన వంటల పుస్తకాలే తీసుకుంటుంది. "ఇన్ని చదివితివి కదా, ఏం చేసినావు?" అంటే, "చేసేదానికైతే చదవడం ఎందుకక్కా, చదివితే కడుపు నిండతాది" అంది.

ఇంకొకాయన ఉన్నాడు. యాభై దాటిన మనిషి. తిరుపతి రైలు వచ్చిన పావుగంటకు వస్తాడు. హాజరు పుస్తకంలో వెంకటముని అని సంతకం చేస్తాడు. పెరట్లో కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు గానీ పుస్తకం ముట్టడు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, తెరిచేముందు కళ్ళకద్దుకుంటాడు. మూడు వారాల్లో ఐదు నవలలు చదివాడు. ఇన్నాళ్ళూ చదవడం అనేది ఒకటుందని ఎవరూ చెప్పనట్టు చదువుతాడు. అలాంటి పాఠకుణ్ణి చూసి చాలా కాలమైంది.

నువ్వేం చదువుతున్నావు? ఎక్కడ ఆగావు?

మీ అక్క
లోకేశ్వరి

*

తిరుపతి, వరదరాజనగర్,
29 జూన్

లోకేశ్వరి అక్కకు నమస్కారాలు.

మీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. మోహన మాట పక్క టీచరుకు చదివి వినిపిస్తే ఆమె డబ్బా మూసేసి నవ్వింది.

బడి తెరిచారు కదా, నా చదువు నత్తనడక. ఒక వైద్యురాలి ఆత్మకథ, 34వ పేజీ. రాత పని, ప్రాజెక్టులు, ప్రార్థన, ప్రిన్సిపాలు. శ్రీహిత చిత్తూరులో హాస్టల్లో ఉంది, ఫార్మసీ రెండో ఏడు. ఇంట్లో ఇద్దరమే.

మీ కిటికీ పక్క పాఠకుణ్ణి ఒకసారి మా ఇంటికి పంపండి, మా ఆయనకు చూపిస్తాను. ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఆయన పూర్తిగా చదివింది పంచాంగం ఒక్కటే. నేను నవల పట్టుకుంటే "మళ్ళా ఎవురి కష్టాలు?" అంటారు. పాపం, ఈ మధ్య ఆ మాట అనే ఓపిక కూడా లేదు. ఏర్పేడు దగ్గర ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తారని మీకు తెలుసు కదా. ఏప్రిల్ నుంచి కంపెనీ బస్సు తీసేశారట, రైల్లో పోతున్నారు. పొద్దున ఏడున్నరకు పోయి సాయంత్రం ఏడుకు వస్తారు. వచ్చి మాట్లాడకుండా తింటారు. పని ఎక్కువగా ఉందేమో.

వెంకటముని గారు ఆరో నవల ఏం తీశారో రాయండి.

మీ
పంకజ

*

పాకాల,
6 జూలై

పంకజా,

చెరువుల పుస్తకం అయిపోయింది. ఇప్పుడు సర్కసు మనుషుల మీద ఒకటి, 19వ పేజీ.

ఆరోది నవల కాదు. తేనెటీగల పెంపకం. అది రెండు రోజుల్లో చదివి, "మేడం, రాణీగ సచ్చిపోతే మిగతా ఈగలు ఏం చేస్తాయో దీంట్లో సరిగ్గా రాయలేదు" అని ఫిర్యాదు చేశాడు. తరువాత గుండె జబ్బుల మీద ఒక డాక్టరు రాసింది. తరువాత మళ్ళీ నవల.

బుధవారం వాన. ఇంకెవరూ రాలేదు. ఆయన వరండాలో డబ్బా విప్పుకుంటే నేనూ నా డబ్బా పట్టుకుపోయి కూర్చున్నాను. మాగాయ వేశాను. కళ్ళు మూసుకుని తిన్నాడు.

"యా ఊరు సార్ మీది?"

"తిరుపతి పక్కన."

"ఈడేం పని మీద వస్తా ఉండారు?"

"పని లేకనే మేడం వస్తా ఉండేది" అని నవ్వాడు. నేనూ నవ్వాను. రిటైరైన మనిషనుకున్నాను.

పెరుగన్నంలో అల్లం, పైన దానిమ్మ గింజలు. ఎవరో శ్రద్ధగా కట్టిన డబ్బా. మూత మీద చుక్కలతో "తాయారమ్మ" అని కొట్టించిన పాత స్టీలు. ఈ రోజుల్లో పాత్రల మీద పేర్లు కొట్టించుకునేవాళ్ళే లేరు, చూడగానే మా అమ్మ గుర్తొచ్చింది. "మీ ఇంటామె పేరా?" అంటే, "మా అమ్మ" అన్నాడు, మూత పెట్టేశాడు.

నీ డాక్టరమ్మ ఎక్కడిదాకా వచ్చింది?

లోకేశ్వరి

*

తిరుపతి,
9 జూలై

అక్కా,

తొందరగా రాస్తున్నాను. మా స్కూలు పత్రికకు "పుస్తకం పట్టుకున్న మనిషి" అని ఒక వ్యాసం రాయమన్నారు. మీ వెంకటముని గారి గురించి రాద్దామనుకుంటున్నాను. కొన్ని వివరాలు కావాలి.

ఎత్తెంత? కళ్ళజోడు ఉందా? ఎడమ చెవి కింద కాలిన మచ్చలాంటిది ఏమైనా ఉందా? చేతిసంచి ఏ రంగు? ఏ రోజుల్లో వస్తారు, ఏ రోజుల్లో రారు? దిగులుగా ఉంటారా? మీతో ఇంకేమైనా అన్నారా? గుండె జబ్బుల పుస్తకం ఎందుకు తీశారు?

ఇప్పుడు ఏం చదువుతున్నారు?

వెంటనే రాయండి.

పంకజ

*

పాకాల,
14 జూలై

పంకజా,

నువ్వేం చదువుతున్నావో రాయలేదు. పద్నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి.

అడిగినవి రాస్తున్నాను. మనిషి నాకంటే జానెడు పొడుగు. కళ్ళజోడు చదివేటప్పుడే. చెవి కింద మచ్చ ఉంది, ఎడమవైపే. సంచి నీలం, జిప్పు దగ్గర తెగితే మోహన కుట్టిపెట్టింది. శుక్రవారం మాకు సెలవు. ఆదివారం రాడు, మిగతా ఐదు రోజులూ వస్తాడు. దిగులా అంటే, చదివేటప్పుడు లేదు. పుస్తకం మూసి గడియారం చూసుకునేటప్పుడు ఉంటుంది. గుండె పుస్తకం ఎందుకో నేను అడగలేదు. పాఠకుణ్ణి ఎందుకు అని అడగకూడదు.

ఈ వారం ముందు పేపర్లో ఉద్యోగాల ప్రకటనలు చూసుకున్నాడు. తరువాత రైల్వే టైంటేబుల్ అడిగాడు. కాట్పాడి జంక్షన్ నుంచి పోయే బళ్ళు రాసుకున్నాడు. శనివారం నుంచి ఒక పాత నవల పట్టుకున్నాడు. రెండు భాగాలు. అట్ట మీద కావిగుడ్డ కట్టుకున్న మనిషి వీపు తిప్పి పోతుంటాడు, పేరులోనే సన్న్యాసం ఉంది. నేను చదవలేదు. మొదటి భాగం సగం దాటాడు.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. పత్రిక వ్యాసానికి చెవి కింద మచ్చ ఎందుకు? ఉందా అని అడిగావంటే ఉందని తెలిసే అడిగావు. ఎవరేం చదువుతున్నారో నీకు చెప్పడం సరదా. ఒక మనిషిని నీ కోసం కాపలా కాయడం వేరే పని. అది చేయాలంటే నాకు కారణం తెలియాలి.

లోకేశ్వరి

*

తిరుపతి,
20 జూలై

అక్కా,

వ్యాసం అబద్ధం. నన్ను క్షమించండి.

తాయారమ్మ మా అత్తగారు. ఆ డబ్బా నేనే కడుతున్నాను. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసేదాన్ని నేనే. మీ వెంకటముని మా ఆయన ముకుందం.

మీ ఉత్తరం చదివి మొదట నమ్మలేదు. పుస్తకమే ముట్టని మనిషి కదా. తాయారమ్మ అనే పేరు తిరుపతిలో వీధికొకటి ఉంటుంది. అందుకే మచ్చ అడిగాను. మీ జవాబు వచ్చాక కూడా నిన్న శనివారం ఒంటిపూట బడి అయ్యాక బస్సెక్కి ఏర్పేడు పోయాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ ధనంజయ అని ఒకాయన. ఎండకు తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"స్టోర్స్ ముకుందం గారిని కలవాల" అన్నాను.

"ముకుందం సారా? ఆయన ఈడ యాడుండాడమ్మా! మార్చి ఆఖర్లోనే ఆ సెక్షన్ ఎత్తేసినారు. పదకొండు మందినీ ఒకే రోజు పంపించినారు. మీరు ఎవురు ఆయనకు?"

"తెలిసినోళ్ళం" అన్నాను.

"మంచోడమ్మా. పోతా పోతా నాకు ఈ తువ్వాలు ఇచ్చిపోయినాడు. యాడుండాడో ఏమో."

ఆ తువ్వాలు నేను కొన్నది.

మార్చి ఆఖరు నుంచి అంటే నాలుగు నెలలు. రోజూ స్నానం, సంధ్యావందనం, డబ్బా, రైలు. ఒకటో తేదీన ఇంటి ఖర్చు నా చేతికి ఎప్పటిలాగే ఇస్తున్నారు, చేతిలో ఉన్నది కరిగించి ఇస్తున్నారని ఇప్పుడు అర్థమవుతోంది. నేను ఏమీ అడగలేదు. అడిగితే ఏమవుతారో తెలియదు. ఆయన తండ్రి గుడి వంటశాలలో ముప్పై ఏళ్ళు చేసి ఒక్క రోజు నాగా పెట్టలేదని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు పని లేదని పెళ్ళాంతో చెప్పలేక అబద్ధపు పేరు రాసుకుని కూర్చుంటున్నారు.

నా భయం ఉద్యోగం పోయినందుకు కాదు. మీరు రాసిన వరస చూడండి: గుండె జబ్బులు, కాట్పాడి బళ్ళు, ఆ తరువాత సన్న్యాసం. శుక్రవారాలు మీకు సెలవు. ఆ రోజుల్లో కూడా ఏడున్నరకే పోతున్నారు. ఎక్కడికి? కాట్పాడిలో బండెక్కితే దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. ఆయన ఇల్లు విడిచి పోవాలనుకుంటున్నారని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆయన ఏం చదువుతున్నారో రెండు రోజులకొకసారి రాయండి. ఆ నవల రెండో భాగం మాత్రం ఇవ్వకండి. ఎక్కడైనా దాచేయండి. శ్రీహిత సెలవులకు వచ్చేదాకా ఆగితే ఇద్దరం కలిసి మాట్లాడతాం. నాకు తెలుసని ఆయనకు తెలియనివ్వొద్దు.

పంకజ

*

పాకాల,
26 జూలై

పంకజా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా తమ్ముడికి చూపించలేదు.

రోజూ నా ఎదురుగా నాలుగు అడుగుల దూరంలో కూర్చునే మనిషిని చూడటం ఇప్పుడు కష్టంగా ఉంది. "నమస్కారం వెంకటముని గారూ" అంటూ రిజిస్టరులో తల పెట్టేస్తున్నాను.

నీతో నేను ఏకీభవించడం లేదు. ఒకడు చదివే పుస్తకాన్ని బట్టి వాడేం చేస్తాడో చెప్పగలిగితే మోహన ఈపాటికి హోటలు పెట్టి ఉండాలి. మూడు దశాబ్దాలు బడిలో పిల్లలకు పుస్తకాలు చేతికిచ్చాను. చేతిలోంచి లాక్కున్నది లేదు. కానీ నువ్వు ఆయన భార్యవు, నేను కాదు. రేపు ఏదైనా జరిగితే ఆ రోజు నేను పుస్తకం ఇచ్చానన్నది మనిద్దరి మధ్యా ఉండిపోతుంది. అందుకని నువ్వు చెప్పినట్టే చేశాను. రెండో భాగం నా బల్ల సొరుగులో ఉంది. మొదటి భాగం ఇంకా అరవై పేజీలు ఉంది ఆయనకు. ఈ మధ్య మెల్లగా చదువుతున్నాడు. ఒక పేజీ దగ్గర గంట కూర్చుంటాడు.

శ్రీహిత సెలవులు ఎప్పుడు? అంతదాకా ఆగడం మంచిది కాదేమో, ఆలోచించు.

లోకేశ్వరి

*

పాకాల,
2 ఆగస్టు

పంకజా,

గురువారం ఫోన్లో సగమే చెప్పగలిగాను, తమ్ముడూ మరదలూ పక్కనే ఉన్నారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పదకొండుకు మొదటి భాగం పూర్తి చేశాడు. కాసేపు కిటికీలోంచి చూశాడు. లేచి అలమర దగ్గరకు పోయి వెతికాడు. తరువాత నా దగ్గరకు వచ్చాడు.

"మేడం, దీని రెండో భాగం?"

"ఎవరో తీసుకుపోయినారు సార్."

"ఎప్పుడు తెస్తారు?"

"తెలీదు. నెల పట్టొచ్చు."

ఆయన కదలలేదు. నా బల్ల మీదున్న ఇష్యూ రిజిస్టరు తనవైపు తిప్పుకున్నాడు. స్టోర్స్‌లో పని చేసిన మనిషని నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు చూడు. వేలు పెట్టి పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు. రెండు పేజీలు తిప్పాడు.

"దీంట్లో ఎక్కలేదే మేడం. సరుకు బయటికి పోతే పుస్తకంలో ఎక్కాల కదా."

"మరిచిపోయి ఉంటా."

"మీరు మరిచిపోరు. మోహన తీసుకున్న ఊరగాయల పుస్తకం కూడా ఎక్కించినారు." నవ్వుతూనే అన్నాడు. "అడిగితే ఇవ్వకూడని పుస్తకమా?"

ఏదో ఒకటి అనాలి. అన్నాను: "వద్దు ముకుందం గారూ, ఆ పుస్తకం మీకొద్దు."

అన్నాక నాకు తెలిసింది ఏం అన్నానో. ఆయనకు ముందే తెలిసింది. రిజిస్టరు మళ్ళీ నావైపు తిప్పి, ఎలా ఉన్నదో అలా సర్దిపెట్టాడు. నీలం సంచి తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఎవురు చెప్పినారు మేడం?" అన్నాడు. నేను కుర్చీలోంచి లేచేలోపే వరండా దిగిపోయాడు. స్టేషనువైపు పోలేదు, బస్టాండువైపు పోయాడు. వెనకాలే పరిగెత్తాను. నా మోకాళ్ళతో ఎంత దూరం పరిగెత్తుతాను!

నిన్న సెలవు. ఈ రోజు శనివారం రాలేదు. తిరుపతి రైలు వచ్చినప్పుడు మోహనను స్టేషనుకు పంపాను. దిగలేదట.

ఫోన్ చేస్తే ఆయన పక్కనుంటాడేమోనని చేయడం లేదు. ఇంటికి వచ్చాడా? వచ్చి ఏమన్నాడు? తప్పు నాది.

లోకేశ్వరి

*

తిరుపతి,
6 ఆగస్టు

అక్కా,

తప్పు మీది కాదు. దాచమన్నది నేను.

గురువారం ఆయన ఏడుకే వచ్చారు, రోజూ వచ్చే వేళకే. చారు బాగుందన్నారు. శుక్రవారం, శనివారం, సోమ, మంగళ, ఈ రోజు బుధవారం, రోజూ ఏడున్నరకు పోతున్నారు. పాకాలలో దిగడం లేదు. ఏర్పేడులో పని లేదు. తిరుపతిలో తెలిసినవాళ్ళు లేని వీధి లేదు. పదకొండున్నర గంటలు ఎక్కడుంటున్నారు?

మొన్నటిదాకా ఆయన మీ కిటికీ పక్కన కూర్చున్నారని నాకు తెలిసేది. మూడో పీరియడ్‌లో పాఠం చెబుతూ ఇప్పుడు చేతులు కడుక్కుంటూ ఉంటారు అనుకునేదాన్ని. ఇప్పుడు నాకు ఏమీ తెలియదు. ఆయనకు ఉన్న ఒక్క చోటు మనం తీసేశాం.

డబ్బా మాత్రం ఖాళీగా తెస్తున్నారు. తింటున్నారో, ఎవరికైనా పెడుతున్నారో. నిన్న మధ్యాహ్నం ఫోన్ చేశాను. "స్టోర్స్‌లో ఉండా, తరవాత చేస్తా" అన్నారు. వెనకాల రైలు అనౌన్స్‌మెంట్ వినిపించింది. నేను "సరే" అన్నాను. ఆయన ఆడిన అబద్ధానికి నేను సరే అన్నాను.

అనుమానిస్తున్నారేమో కూడా తెలియడం లేదు. రాత్రి భోజనం దగ్గర ఒక్కసారి తలెత్తి, "మీ ఫ్రెండు టీచరమ్మ ఇప్పుడు యా ఊర్లో ఉండాది?" అన్నారు. "బంగారుపాళ్యంలోనే" అన్నాను.

శ్రీహితకు దసరాకు గానీ సెలవులు లేవు. అంతదాకా ఎలా?

పంకజ

*

పాకాల,
10 ఆగస్టు

పంకజా,

ఇంక దసరా మాట ఎత్తకు.

నీ ఉత్తరం వచ్చిన రోజు సొరుగులోంచి ఆ రెండో భాగం తీశాను. దాచినదాన్ని నేను కనీసం చదివి దాచి ఉండాలి. బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పాను, అట్ట చూసి పుస్తకాన్ని తూచొద్దని! కూర్చుని మొత్తం చదివాను. నూట తొంభై నాలుగు పేజీలు.

సన్న్యాసం మొదటి భాగంలోనే అయిపోతుంది. అందులో అతను వ్యాపారం పోగొట్టుకుని ఊరొదిలి పోతాడు. రెండో భాగం అంతా తిరిగి రావడమే, అది కూడా ఒక్క సాయంత్రం. బస్సు దిగుతాడు. ఇల్లు నాలుగు వీధుల దూరం. నడవలేడు. మంగలి షాపులో కూర్చుంటాడు, టీ తాగుతాడు, తన ఇంటి గురించి తనే పరాయివాడిలా వాకబు చేస్తాడు. ఏం చెప్పాలి, మొదటి మాట ఏది, అని నూట యాభై పేజీలు. ఆఖరికి వీధి మలుపులో భార్యే ఎదురవుతుంది, చేతిలో కూరగాయల సంచి. ఆమె ఏడవదు, తిట్టదు. సంచి ఒక చెవి అతని చేతికిస్తుంది. రెండో చెవి తను పట్టుకుంటుంది. ఇద్దరూ నడుస్తారు.

ఆ మనిషి ఎలా తిరిగి వచ్చాడో తెలుసుకుందామని మీ ఆయన అడిగాడు. మనం వద్దన్నాం.

మోహన లైనింగు గుడ్డ కొనడానికి రేపు తిరుపతి వస్తోంది. ఈ ఉత్తరమూ ఆ పుస్తకమూ ఆమె చేతికిచ్చి మీ స్కూలుకు పంపుతున్నాను. పుస్తకం రిజిస్టరులో ఎక్కించాను, నీ పేరు మీద. ఏం చేస్తావో నువ్వే తేల్చుకో. నేను చెప్పేది ఒక్కటే, ఇంక ఎవరి దగ్గరా ఆయన గురించి అడగకు. ఆయన్నే అడుగు.

లోకేశ్వరి

*

తిరుపతి,
17 ఆగస్టు

అక్కా,

పుస్తకం ఆ రాత్రే చదివాను. మంగళవారం పొద్దున ఆయన నీలం సంచిలో డబ్బా పక్కన పెట్టాను. ఏమీ రాయలేదు, చెప్పలేదు. ఏడున్నరకు సంచి తీసుకుని పోయారు. ఆయన వీధి మలుపు తిరిగాక నాకు అనిపించింది, ఎంత పని చేశాను! డబ్బా తెరిచేది ఎక్కడో ఒంటరిగా ఉన్నప్పుడు. నాకు తెలుసని అప్పుడు తెలుస్తుంది. పక్కన ఎవరూ ఉండరు, చుట్టూ రైళ్ళు.

బడికి పోయాను. మొదటి పీరియడ్‌లో ఏం చెప్పానో నాకు తెలియదు. ఫోను చేస్తే మోగింది, ఎత్తలేదు. రెండో పీరియడ్ అయ్యాక మళ్ళీ చేస్తే స్విచ్ ఆఫ్. ప్రిన్సిపాలు దగ్గర సెలవు చీటీ రాస్తుంటే ఆయా వచ్చి, "టీచరమ్మా, గేటు కాడ మీ సారు నిలబడుకోనుండారు" అంది.

వేపచెట్టు కింద సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. సంచి ఒళ్ళో ఉంది. నేను పోయి కూర్చున్నాను. నాలుగో పీరియడ్ గంట కొట్టారు. పిల్లలు గోల గోలగా మెట్లు దిగి పోయారు.

"ఎన్నాళ్ళనించి తెల్సు?" అన్నారు.

"నెల కావస్తోంది."

"నెల!" అని నావైపు తిరిగారు. అంత కోపం నేను ఎప్పుడూ చూడలేదు. "నెలనించి తెలిసే రోజూ డబ్బా కట్టి ఇచ్చినావా? 'ఆఫీసులో అంతా బాగుండాదా' అని అడిగినావే! నేను చెబుతా ఉంటే తలకాయి ఊపినావే! నేను ఆడింది ఒకటే అబద్ధం పంకజా. నువ్వు నన్ను ఆటబొమ్మను చేసి ఆడిస్తివి."

"డబ్బా కట్టకపోతే మీరు యాడికి పోతారో తెలీదని కట్టినాను."

"యాడికి పోతాను? పోయేదానికి నాకు యాడుండాది?"

ఆ మాట తరువాత కోపం నిలబడలేదు. శుక్రవారాలు ఎక్కడికని అడిగాను. కాట్పాడి దాకా పోయి, అక్కడినుంచి బళ్ళలో, బస్సుల్లో తిరిగి కంపెనీల గేట్ల దగ్గర కాగితాలు ఇచ్చి వస్తున్నారట. యాభై మూడేళ్ళు అనగానే కాగితం చదవకుండా పక్కన పెడుతున్నారట. టైంటేబుల్ అందుకు. గుండె జబ్బుల పుస్తకం ఎందుకంటే, మార్చిలో ఆ రోజు నుంచి ఎడమ చెయ్యి లాగుతోందట. ఆ ముక్క నాలుగు నెలలు చెప్పలేదు. సాయంత్రమే డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. పరీక్ష చేసి గుండె బాగానే ఉందన్నాడు. నిద్ర లేదన్నాడు. పదిహేను రోజులకు మాత్రలు రాశాడు.

పాకాల మానేశాక రేణిగుంట ప్లాట్‌ఫారం మీద కూర్చున్నారట. చదవడానికి ఏమీ లేక స్టేషను గోడల మీద రాసినవన్నీ చదివారట. మళ్ళీ మీ దగ్గరకు రమ్మంటే "ఆ మేడం మొగం ఎట్ల సూసేది?" అంటున్నారు. రారేమో, తొందర పెట్టను. మిమ్మల్ని తిట్టలేదు. బంగారుపాళ్యం అన్నందుకు నన్ను తిట్టారు.

ఆ పుస్తకం సంగతి. సంచిలో చూసి ముందు డబ్బా కాదు, పుస్తకమే తెరిచారట. నాలుగో పేజీలో బస్సు దిగే చోట ఆపి, మూసి, మా బడికి వచ్చే బస్సెక్కారు. మిగతాది ఇప్పుడు చదువుతున్నారు. 61వ పేజీ. మంగలి షాపు దగ్గర మరీ సాగదీశాడని ఫిర్యాదు. నేను ముందు చెప్పేయకూడదని ఒట్టు పెట్టించుకున్నారు.

శ్రీహితకు నిన్న ఫోన్లో ఆయనే చెప్పారు. అది రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుంది. తరువాత "నాయనా, నువ్వు నవలలు చదివినావా? నిజంగానా?" అంది. ఉద్యోగం గురించి తరువాత అడిగింది. ఉద్యోగం ఇంకా ఏదీ లేదు. బియ్యం కొట్టు మునిప్రసాద్ గోడౌను చూసే మనిషి కావాలంటున్నాడు. పోయి అడగాలా వద్దా అని రెండు రోజులుగా తేల్చుకోలేదు. నా భయం పూర్తిగా పోలేదు అక్కా. పొద్దున ఆయన చెప్పులు వేసుకుంటే ఎక్కడికి అని అడుగుతున్నాను. చెబుతున్నారు. మళ్ళీ అడుగుతున్నాను.

ఈ ఉత్తరం కవరులో పెట్టేముందు ఆయనకు ఇచ్చి చదవమన్నాను. కొళాయి దగ్గరకు పోయి చేతులు కడుక్కుని వచ్చారు. మొత్తం చదివారు. రెండుచోట్ల వేలు పెట్టి "ఇది ఇట్ల జరగలా" అన్నారు. బెంచీ దగ్గర తాను అంత గట్టిగా అరవలేదట. చెయ్యి లాగింది మార్చిలో కాదు, ఫిబ్రవరి నుంచేనట.

మొదటిది నేను ఒప్పుకోను. రెండోది ఇప్పుడే తెలిసింది. రేపు మళ్ళీ డాక్టరు దగ్గరకు పోతున్నాం.

పంకజవల్లి